రౌటర్‌ని సీఎన్‌సీ స్పిండిల్‌గా బిగిస్తే వచ్చే తంటాలు: సమస్య, కారణం, పరిష్కారం

చెక్క పనికి వాడే చిన్న చేతి రౌటర్, కొందరు ట్రిమ్మర్ అనేది, హాబీ సీఎన్‌సీకి (కంప్యూటర్ నడిపే కోత యంత్రానికి) చవకగా దొరికే మంచి స్పిండిల్, అంటే బిట్టుని తిప్పే మోటారు. అయితే దాన్ని తయారుచేసింది చేత్తో పట్టుకుని కాసేపు అంచులు కొట్టి పక్కన పెట్టడానికి. గంటల తరబడి ఆగకుండా తిరగడం, పక్కనే కంట్రోలర్ బోర్డు ఉండటం, కిలోన్నర బరువుతో జెడ్ యాక్సిస్‌కి (బిట్టుని పైకీ కిందికీ నడిపే భాగానికి) వేలాడటం దాని లెక్కలో లేనివి. తంటాలన్నీ అక్కడినుంచే వస్తాయి.

కోత సరిగా రాకపోతే ముందు అనుమానం రౌటర్ మీదికే పోతుంది. చాలాసార్లు దోషం మోటారులో ఉండదు. బిట్టుని కొలెట్ (కాడని బిగించే చీలికల గొట్టం) పట్టుకునే చోట, బాడీని క్లాంపు పట్టుకునే చోట, క్లాంపుని జెడ్ ప్లేటుకి బిగించిన చోట, వీటిలో ఎక్కడో ఒక దగ్గర ఉంటుంది. కాబట్టి ఎప్పుడైనా బిట్టు కొన దగ్గర మొదలుపెట్టి పైకి వెతకండి. కొత్త రౌటర్ కొనడం ఆ వరుసలో చిట్టచివరిది.

కింద చెప్పిన పరీక్షల్లో చేత్తో షాఫ్టు తిప్పాల్సినవి, కొలెట్ ముట్టుకోవాల్సినవి చాలా ఉన్నాయి. ప్రతిసారీ ప్లగ్ పీకేసి మొదలుపెట్టండి. స్విచ్ ఆపితే సరిపోదు, రిలే (కంట్రోలర్ నడిపే స్విచ్) ఆఫ్‌లో ఉందన్న నమ్మకమూ పనికిరాదు.

రౌటర్ క్లాంపులో పట్టదు, లేదా పట్టినా వదులుగా ఉంది

రౌటర్ ఎంచుకునేటప్పుడు వాట్స్ కంటే ముందు చూడాల్సింది బాడీ వ్యాసం. మకీటా ఆర్‌టీ0700సీ, దాని తమ్ముడు ఆర్‌టీ0701సీ బాడీలు 65 మి.మీ. డివాల్ట్ డీడబ్ల్యూపీ611, దాని 230 వోల్టుల రూపం డీ26200 బాడీలు 69 మి.మీ. క్రెస్ తరహా మిల్లింగ్ మోటార్లకు 43 మి.మీ. మెడ ఉంటుంది, వాటిని ఆ మెడ దగ్గరే పట్టాలి. 65 మి.మీ. క్లాంపుకి ఒక అదనపు లాభం ఉంది: 800 వాట్ల నీటి కూలింగ్ స్పిండిల్స్ చాలావరకు అదే వ్యాసంలో వస్తాయి. రేపు స్పిండిల్‌కి మారినా క్లాంపు మార్చక్కర్లేదు.

క్లాంపు పెద్దది, రౌటర్ చిన్నది అయితే మధ్యలో స్లీవ్ వేయొచ్చు. 69 మి.మీ. క్లాంపులో 65 మి.మీ. బాడీకి 2 మి.మీ. మందం స్లీవ్ చాలు. స్లీవ్ ఎత్తు క్లాంపు ఎత్తంతా ఉండాలి. నిలువునా ఒక చీలిక పెట్టి, ఆ చీలిక క్లాంపు చీలికకి ఎదురుగా కాకుండా పక్కకి వచ్చేలా తిప్పి పెట్టండి. రెండూ ఒకే గీతలో ఉంటే అక్కడ పట్టు పోతుంది. ఇన్సులేషన్ టేపు, రబ్బరు షీటు చుట్టి సరిపెట్టడం మాత్రం వద్దు. చేతికి గట్టిగా ఉన్నట్టే అనిపిస్తుంది, కోత మొదలయ్యాక స్ప్రింగులా ఆడుతుంది.

మొదటిరోజు గట్టిగా ఉండి వారానికల్లా వదులవుతుంటే క్లాంపు దేనితో చేశారో చూడండి. పీఎల్‌ఏ ప్లాస్టిక్‌తో 3డీ ప్రింట్ చేసిన క్లాంపులు సుమారు 60 డిగ్రీల దగ్గర మెత్తబడతాయి. అంతకంటే ముందే, 45-50 డిగ్రీల వెచ్చదనంలో, బిగింపు ఒత్తిడికి నెమ్మదిగా సాగిపోతాయి. గంటసేపు తిరిగిన రౌటర్ బాడీ ఆ వేడికి తేలిగ్గా చేరుతుంది. ప్రింటే చేయాలంటే పీఈటీజీ, ఏబీఎస్ మేలు. అల్యూమినియం క్లాంపు దొరికితే ఇక ఆలోచించక్కర్లేదు. బిగించాక క్లాంపు చీలికలో ఇంకా ఒకటి రెండు మి.మీ. సందు మిగలాలి. సందు పూర్తిగా మూసుకుపోయిందంటే బోల్టు క్లాంపునే బిగిస్తోంది, రౌటర్‌ని కాదు.

వోల్టేజి కూడా ఇక్కడే చూసుకోండి. ఇవి యూనివర్సల్ మోటార్లు. 50 హెర్ట్జా, 60 హెర్ట్జా అన్నది వీటికి పట్టదు, వోల్టేజి మాత్రం పడుతుంది. 120 వోల్టుల రౌటర్‌ని 230 వోల్టులకి తగిలిస్తే నిమిషాల్లో కాలిపోతుంది.

చెక్క మాడుతోంది, ప్లాస్టిక్ కరిగి బిట్టుకి అంటుకుంటోంది

బిట్టు మొద్దుబారిందని మార్చేస్తారు, కొత్త బిట్టూ రెండు రోజుల్లో మాడిపోతుంది. అసలు కారణం సాధారణంగా బిట్టు తిరిగే వేగానికీ ఫీడుకీ (బిట్టు చెక్కలో ముందుకు నడిచే వేగానికీ) పొంతన లేకపోవడం. రౌటర్ వేగంగా తిరుగుతోంది, గాంట్రీ (రౌటర్‌ని మోసే కదిలే వంతెన) నింపాదిగా నడుస్తోంది. బిట్టు పళ్లలో (కోసే అంచుల్లో) ప్రతి పన్నుకీ దక్కే ముక్క మరీ పలచనైపోయి, పన్ను కోయడం మానేసి రుద్దుతుంది. రుద్దితే వేడి. ఆ వేడి పొట్టుతో బయటికి పోయే దారి లేక బిట్టులోకీ చెక్కలోకీ పోతుంది.

లెక్క సులభం: ఫీడు (నిమిషానికి మి.మీ.) = ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) × పళ్ల సంఖ్య × ఒక్కో పన్ను కోసే మందం. రెండు పళ్ల 3.175 మి.మీ. బిట్టు, 16,000 ఆర్‌పీఎం, పన్నుకి 0.05 మి.మీ. అనుకుంటే ఫీడు 1,600 రావాలి. మీ యంత్రం వణక్కుండా నడవగలిగేది 800 మాత్రమే అయితే పన్నుకి 0.025 మాత్రమే దక్కుతుంది. ఎండీఎఫ్‌లో (చెక్క పొడి నొక్కి చేసిన పలకలో) అది రుద్దుడే. దారులు రెండు. ఒంటి పన్ను బిట్టు వేస్తే అదే 16,000 దగ్గర 800 ఫీడుకి మళ్లీ 0.05 వస్తుంది. లేదంటే వేగం 10,000కి దించండి, రెండు పళ్లతోనే 0.04 వస్తుంది.

రౌటర్ ఎంపికలో కనిష్ఠ వేగానికి విలువ ఎందుకో ఇక్కడ తెలుస్తుంది. మకీటా ఆర్‌టీ0700సీ 10,000 నుంచి 30,000 దాకా తిరుగుతుంది. డయల్ 1 దగ్గర 10,000, 2 దగ్గర 12,000, 3 దగ్గర 17,000, 4 దగ్గర 22,000, 5 దగ్గర 27,000, 6 దగ్గర 30,000. డివాల్ట్ డీడబ్ల్యూపీ611 మొదలయ్యేదే 16,000 దగ్గర, చివర 27,000. బాష్ జీకేఎఫ్ 600 లాంటి వాటికి డయలే ఉండదు, ఎప్పుడూ 33,000. చెక్క, ఎండీఎఫ్ మాత్రమే కోస్తూ, యంత్రం చురుగ్గా నడిచేదైతే డివాల్ట్‌తో ఇబ్బంది లేదు. అక్రిలిక్, అల్యూమినియం ఆలోచన ఉంటే 10,000 దాకా దిగేదే తీసుకోండి. స్థిరంగా 33,000 తిరిగేదాన్ని నెమ్మదిగా నడిచే హాబీ యంత్రానికి బిగించడం మా దృష్టిలో తప్పు ఎంపిక, దానిమీద ఎంత తక్కువ ధర చీటీ ఉన్నా సరే.

అక్రిలిక్‌కి ఒంటి పన్ను, లోపల నున్నగా పాలిష్ చేసిన బిట్టు వాడండి. పన్నుకి 0.05 కంటే తగ్గనివ్వకండి. పొట్టు పొడిలా కాకుండా చిన్న చిన్న పెచ్చుల్లా రావాలి. అల్యూమినియానికి 3.175 మి.మీ. ఒంటి పన్నుతో 10,000-12,000 ఆర్‌పీఎం, పన్నుకి 0.02-0.03, లోతు ఒక్కో విడతకి 0.2-0.3 మి.మీ. దగ్గర మొదలుపెట్టి, శబ్దం విని పెంచుకుంటూ పోవచ్చు.

డయల్ అంకెను గుడ్డిగా నమ్మనక్కర్లేదు. కొలెట్ నట్టుకి చిన్న మెరిసే టేపు ముక్క అంటించి ఆప్టికల్ టాకోమీటర్ చూపిస్తే అసలు వేగం తెలిసిపోతుంది.

కోత గోడల మీద అలలు, కీచుమనే శబ్దం

దీన్ని చాటర్ అంటారు. పట్టు గొలుసులో ఏదో ఒక లంకె వంగుతోంది. ముందుగా బిట్టు ఎంత బయటికి ఉందో కొలవండి. బిట్టు వంగడం దాని పొడవు ఘనానికి అనుగుణంగా పెరుగుతుంది. 20 మి.మీ. బయటికున్న బిట్టుని 30 మి.మీ.కి లాగితే అదే బలానికి మూడు రెట్లకి పైగా వంగుతుంది. వ్యాసం ప్రభావం ఇంకా ఎక్కువ, నాలుగో ఘాతం. 3.175 బదులు 6 మి.మీ. బిట్టు వేస్తే అదే పొడవుకి సుమారు 12-13 రెట్లు గట్టి. పని వివరాలు ఒప్పుకుంటే లావు బిట్టు, పొట్టిగా. చాలా చాటర్ కేసులు ఇక్కడే తీరిపోతాయి.

తీరకపోతే లంకెల్ని ఒక్కొక్కటిగా పట్టుకోవాలి. స్ప్రింగ్ త్రాసు కొక్కేన్ని కొలెట్ నట్టుకి తగిలించి, పక్కకి ఐదు కిలోల బలంతో లాగండి. డయల్ గేజ్ (వెంట్రుకంత కదలికని కొలిచే పరికరం) స్టాండు బెడ్ మీద పెట్టి, సూదిని వరుసగా నట్టు మీద, రౌటర్ బాడీ మీద, క్లాంపు మీద, జెడ్ ప్లేటు మీద, గాంట్రీ మీద పెట్టి ఒక్కో చోట ఎంత కదిలిందో రాసుకోండి. రెండు పక్క పక్క చోట్ల మధ్య అంకె ఎక్కడ గభాలున మారితే దోషం అక్కడుంది. బాడీకీ క్లాంపుకీ మధ్య తేడా వస్తే క్లాంపు పట్టు చాలడం లేదు. జెడ్ ప్లేటుకీ గాంట్రీకీ మధ్య వస్తే రైలు బ్లాకులో, వీ చక్రాలలో ఆట ఉంది. చక్రాల యంత్రమైతే ఎక్సెంట్రిక్ నట్టు తిప్పి సరిచేయాలి: చక్రాన్ని వేళ్లతో తేలిగ్గా తిప్పితే తిరగనంత, బలం పెడితే జారేంత బిగువు ఉండాలి.

క్లాంపు పట్టు చాలకపోతే ఒక్క పొట్టి ఉంగరం బదులు రెండు ఉంగరాలు వాడండి, లేదా 60-70 మి.మీ. ఎత్తున్న ఒకే క్లాంపు. కింది ఉంగరం లోహపు బాడీ మీద, కింది బేరింగుకి వీలైనంత దగ్గరగా ఉండాలి. పైన ప్లాస్టిక్ భాగం మీద బిగిస్తే పట్టూ ఉండదు, ప్లాస్టిక్ పగిలే ప్రమాదమూ ఉంటుంది. మకీటా బాడీ మీద లోతు సర్దుబాటుకి పళ్ల పట్టీ ఉంటుంది. దాన్ని క్లాంపు చీలిక వైపు తిప్పి పెడితే మిగతా చుట్టుకొలతంతా సమంగా ఆనుతుంది.

రౌటర్‌ని ఎంత కిందికి దించి బిగించాలి? బిట్టు బెడ్‌కి అందితే చాలు, అంతకు మించి ఒక్క సెంటీమీటరు కూడా వద్దు. గాంట్రీ నుంచి కిందికి వేలాడే ప్రతి సెంటీమీటరూ మీట పొడవే.

775 అనే చిన్న డీసీ మోటారుతో వచ్చే చిన్న ప్లాస్టిక్ గాంట్రీ యంత్రాల మీద ఈ రౌటర్లు ఎక్కించేవాళ్లున్నారు. సన్నటి రాడ్ల మీద నడిచే గాంట్రీకి ఆ బరువు, ఆ శక్తి రెండూ ఎక్కువే. అక్కడ ఏ క్లాంపూ చాటర్‌ని ఆపలేదు.

బోర్డు చదును చేస్తే మెట్లు మెట్లుగా వస్తోంది

పెద్ద సర్ఫేసింగ్ బిట్టుతో స్పాయిల్‌బోర్డు (బెడ్ మీద పరిచే, కోత పడినా పర్లేని పలక) చదును చేశాక గోరుతో గీస్తే గీతలు తగులుతున్నాయంటే రౌటర్ నిటారుగా లేదు. ఎటు వాలిందో బోర్డే చెబుతుంది. చేతి వెడల్పు చతురస్రాలు రెండు తీసుకోండి. ఒకదాన్ని వై దిశలో (ముందుకీ వెనక్కీ) వెళ్లే వరుసలతో, రెండోదాన్ని ఎక్స్ దిశలో (కుడికీ ఎడమకీ) వెళ్లే వరుసలతో చదును చేయండి. వై వరుసల మధ్య మెట్లు వస్తే రౌటర్ కుడికో ఎడమకో వాలింది. ఎక్స్ వరుసల మధ్య వస్తే ముందుకో వెనక్కో వాలింది. ఇంకో గుర్తు బిట్టు వదిలిన చంద్రవంకల గీతలు. నిటారుగా ఉంటే రెండు వైపుల చాపాలూ ఒకదాన్నొకటి దాటుతూ కనిపిస్తాయి. వాలి ఉంటే ఒకవైపువి మాత్రమే కనిపిస్తాయి.

మెట్టు ఎత్తు లెక్క కట్టొచ్చు. 200 మి.మీ. దూరానికి 1 మి.మీ. వాలు ఉండి, వరుసకీ వరుసకీ 20 మి.మీ. జరుగుతుంటే మెట్టు 0.1 మి.మీ. ఆ వాలుని 0.2కి తగ్గిస్తే మెట్టు 0.02కి దిగుతుంది. చెక్క పనికి అంతకంటే వెంటాడక్కర్లేదు.

సరిచేయడానికి డయల్ గేజ్‌ని ఒక కడ్డీకి బిగించి, ఆ కడ్డీని కొలెట్‌లో పట్టే మరో ముక్కకి అడ్డంగా కలపండి. గేజ్ సూది షాఫ్టు మధ్య నుంచి 100 మి.మీ. దూరంలో ఉంటే చుట్టూ తిప్పినప్పుడు 200 మి.మీ. వెడల్పు కొలిచినట్టే. గరుకు స్పాయిల్‌బోర్డు మీద నేరుగా కొలిస్తే దాని ఎగుడుదిగుళ్లు కూడా అంకెలో కలుస్తాయి. బెడ్ మీద మందపాటి అద్దం ముక్క పరచి దాని మీద కొలవండి. షాఫ్టుని చేత్తో తిప్పుతూ ఎడమ, కుడి, ముందు, వెనుక నాలుగు అంకెలు రాసుకోండి.

ఎడమ-కుడి వాలుకి షిమ్ (సందులో పెట్టే పలచని రేకు) అక్కర్లేదు. క్లాంపుని జెడ్ ప్లేటుకి పట్టే బోల్టుల్లో ఒకటి తప్ప మిగతావి వదులు చేసి, దాన్ని ఇరుసుగా పెట్టుకుని క్లాంపుని తిప్పండి. రంధ్రాలు బిగుతుగా ఉండి తిరగకపోతే అర మి.మీ. పెద్దవి చేసుకోవచ్చు.

ముందు-వెనుక వాలుకి షిమ్ తప్పదు. మందం ఇలా: ముందు, వెనుక అంకెల తేడాని 200తో భాగించి, క్లాంపు పై బోల్టుకీ కింది బోల్టుకీ మధ్య దూరంతో హెచ్చించండి. తేడా 0.4, బోల్టుల దూరం 50 అయితే షిమ్ 0.1 మి.మీ. ఏ బోల్టు వెనక పెట్టాలన్నది చాలామంది తికమక పడే చోటు. ముందు వైపు సందు తక్కువగా ఉందంటే రౌటర్ పై భాగం మీ వైపు వంగింది. అప్పుడు కింది బోల్టుల వెనక షిమ్ పెట్టాలి. వెనక వైపు సందు తక్కువైతే పై బోల్టుల వెనక. కూల్‌డ్రింక్ అల్యూమినియం డబ్బా రేకు దాదాపు 0.1 మి.మీ. ఉంటుంది, కత్తిరించి వాడటానికి బాగుంటుంది. కాగితం కూడా ఇంచుమించు అంతే, కానీ బిగించాక నలిగి అంకె మారిపోతుంది.

బోల్టులు చివరిగా బిగించేటప్పుడు కొలత కాస్త కదులుతుంది. బిగించాక మళ్లీ కొలవాల్సిందే. ఇదంతా అయ్యాకే స్పాయిల్‌బోర్డు చదును చేయాలి. వాలిన రౌటర్‌తో ఎన్నిసార్లు చదును చేసినా అవే మెట్లు ఇంకొంచెం లోతుగా వస్తాయి, అంతే.

పని సాగేకొద్దీ లోతు మారిపోతోంది

రెండు వేర్వేరు జబ్బులకి ఒకటే లక్షణం ఇది. విడదీయడానికి పని మొదలుపెట్టే ముందు కొలెట్ నట్టు అంచు దగ్గర బిట్టు కాడ మీద మార్కర్‌తో గీత పెట్టండి. పని చెడిపోయాక నట్టు వదులు చేయకుండా గీత చూడండి.

గీత కిందికో పైకో జరిగి ఉంటే బిట్టు జారింది. పైకి పొట్టు లాగే అప్‌కట్ బిట్టు కోస్తున్నప్పుడు తనని తాను కిందికి లాక్కుంటుంది, అందుకే గాడి పోనుపోను లోతవుతుంది. డౌన్‌కట్ బిట్టు లోపలికి నెట్టుకుపోతుంది. కారణాలు: కొలెట్ లోపల పొట్టు, బంక, చీలికల్లో ఇరుక్కున్న దుమ్ము, కాడ మీద నూనె, సైజు తేడా. సైజు తేడా అన్నది కొత్తవాళ్లు ఎక్కువగా పడే గుంట. 1/4 అంగుళం అంటే 6.35 మి.మీ. అందులో 6 మి.మీ. కాడ పెట్టి బిగిస్తే పట్టుకున్నట్టే ఉంటుంది, కానీ కొలెట్ ఒక అంచునే ఆనుతుంది. 1/8 అంగుళం 3.175 మి.మీ., దానికి 3 మి.మీ. కాడ అంతే. కొలెట్ కొనేముందు బిట్టు కాడని వెర్నియర్‌తో కొలవండి.

పరిష్కారం: కొలెట్ బయటికి తీసి, లోపల చిన్న ఇత్తడి బ్రష్‌తో, షాఫ్టు లోపలి ఏటవాలు భాగాన్ని పొడి గుడ్డతో తుడవండి. నూనె రాయొద్దు. కాడని కొలెట్ పొడవులో కనీసం ముప్పాతిక వంతు లోపలికి పెట్టండి. అడుగుకి తాకించి బిగించకండి. నట్టు బిగిసేటప్పుడు కొలెట్ కాస్త లోపలికి వెళుతుంది, కాడకి ఆ దారి లేకపోతే పట్టు సరిగా రాదు. అడుగు తాకాక రెండు మూడు మి.మీ. వెనక్కి లాగితే సరి. బిట్టు లేకుండా ఒట్టి కొలెట్‌ని ఎప్పుడూ బిగించకండి, నలిగి మళ్లీ విచ్చుకోదు. కాడ మీద ఉంగరంలా నల్లని మరక, గీతలు కనిపిస్తే కొలెట్ అరిగింది, మార్చండి.

గీత కదల్లేదు, కానీ జెడ్ సున్నాకి పంపితే బిట్టు అక్కడికి రావడం లేదంటే స్టెప్పర్ మోటారు స్టెప్పులు పోగొట్టుకుంది, లేదా మోటారునీ లీడ్‌స్క్రూనీ (జెడ్‌ని ఎత్తి దించే మరల కడ్డీని) కలిపే కప్లింగ్ స్క్రూ జారింది. కప్లింగ్ మీదా లీడ్‌స్క్రూ మీదా కలిపి ఒక గీత గీస్తే రెండోది తేలిపోతుంది. స్టెప్పులు పోవడానికి మూలం రౌటర్ బరువు. వేగంగా పైకి ఎత్తే క్షణంలో మోటారు తట్టుకోలేదు. జీఆర్‌బీఎల్‌లో (కంట్రోలర్ బోర్డులో నడిచే సాఫ్ట్‌వేర్‌లో) $112 (జెడ్ గరిష్ఠ వేగం), $122 (జెడ్ త్వరణం) సగానికి తగ్గించి చూడండి. పోయే స్టెప్పులు ఆగిపోతే అక్కడినుంచి నెమ్మదిగా పెంచుకోవచ్చు.

పని మధ్యలో కాదు, యంత్రం ఖాళీగా నిలబడ్డప్పుడు రౌటర్ నెమ్మదిగా కిందికి జారుతుంటే స్క్రూ లీడ్ చూడండి. తిప్పుకి 8 మి.మీ. కదిలే టీ8 స్క్రూ బరువుకి తనంతట తానే తిరుగుతుంది. 2 మి.మీ. లీడ్ ఉన్నది మామూలుగా తిరగదు. తాత్కాలిక మందు $1=255: అది పెడితే కదలిక లేనప్పుడు కూడా మోటార్లకి కరెంటు నిలిచే ఉంటుంది. కరెంటు పూర్తిగా తీసేస్తే మాత్రం జారుతుంది, కాబట్టి బిట్టు కింద చెక్క ముక్క పెట్టండి.

గాడి బిట్టు కంటే వెడల్పుగా వస్తోంది, సన్న బిట్లు విరుగుతున్నాయి

బిట్టు తన మధ్య చుట్టూ కాకుండా కాస్త పక్కకి తిరుగుతోంది, దీన్ని రనౌట్ అంటారు. గేజ్‌లో 0.1 మి.మీ. రనౌట్ కనిపిస్తే గాడి కూడా అంతే వెడల్పవుతుంది. సన్న బిట్లకి ఇది ప్రాణాంతకం. పన్నుకి 0.03 మి.మీ. లెక్కన ఫీడు ఇస్తే, 0.05 రనౌట్ చాలు, రెండు పళ్లలో ఒకటి పని మొత్తం చేసి రెండోది గాలి కోస్తుంది.

కొలత రెండు చోట్ల. ముందు కొలెట్ తీసేసి షాఫ్టు లోపలి ఏటవాలు మీద సూది ఆనించి చేత్తో తిప్పండి. అక్కడే 0.03 దాటితే బేరింగులో లోపం ఉంది, లేదా షాఫ్టు వంగింది. అక్కడ బాగుండి, బిట్టు కాడ మీద ఎక్కువ వస్తే తప్పు కొలెట్‌ది. కొలెట్‌ని 90 డిగ్రీలు తిప్పి మళ్లీ పెట్టి చూడండి, ఒక్కోసారి అంకె సగానికి పడిపోతుంది. 6.35 కొలెట్‌లో 3.175 రిడ్యూసర్ గొట్టం వాడుతుంటే దాన్ని పక్కన పెట్టి నేరుగా 3.175 కొలెట్ తెచ్చుకోండి. ఒకదానిలో ఒకటి పెట్టిన ప్రతిసారీ రెండింటి తప్పులూ కలుస్తాయి. ఒకే ఒక్క విడిభాగం మీద డబ్బు ఎక్కువ పెట్టగలిగితే అది మంచి కొలెట్ మీద పెట్టండి.

రౌటర్ ఆన్ చేస్తే యంత్రం ఆగిపోతోంది, యూఎస్‌బీ తెగిపోతోంది

బ్రష్ మోటారులో కమ్యుటేటర్ (కార్బన్ బ్రష్‌లు రాసుకునే రాగి ఉంగరం) దగ్గర నిప్పురవ్వలు నిరంతరం పుడతాయి. వాటి విద్యుత్ రొద లిమిట్ స్విచ్ (యంత్రం చివరికి చేరిందని చెప్పే స్విచ్) తీగల్లోకి దూరి, స్విచ్ నొక్కినట్టు బోర్డుని నమ్మిస్తుంది. జీఆర్‌బీఎల్‌లో అలారం 1 వస్తుంది. అలారం లేకుండా కంప్యూటర్‌తో సంబంధం తెగిపోతే రొద యూఎస్‌బీ దారిన వచ్చిందన్నమాట.

కారణం వేరుచేయడానికి ఒకే పనిని గాల్లో, చెక్క తాకకుండా, మూడుసార్లు నడపండి: అన్నీ ఆపి ఒకసారి, రౌటర్ మాత్రమే పెట్టి ఒకసారి, దుమ్ము లాగే వాక్యూమ్ మాత్రమే పెట్టి ఒకసారి. రౌటర్‌తో ఆగితే బ్రష్ రొద. వాక్యూమ్‌తో, అదీ గాలి పొడిగా ఉన్న రోజుల్లో ఆగితే ప్లాస్టిక్ గొట్టంలో పుట్టే స్థిరవిద్యుత్తు కూడా అనుమానితుడే. ఎండీఎఫ్ దుమ్ము నిజంగా లాగుతున్నప్పుడు అది ఇంకా ఎక్కువ. గొట్టం పొడవునా ఒట్టి రాగి తీగ చుట్టి, దాన్ని యంత్రం లోహపు ఫ్రేముకి, ఫ్రేముని ఎర్తింగుకి కలపండి. రెండు పిన్నుల ప్లగ్ ఉన్న రౌటర్ డబుల్ ఇన్సులేటెడ్. దాన్ని విప్పి లోపలికి ఎర్త్ తీగ కలపాలని చూడకండి, క్లాంపుని, గాంట్రీని ఎర్త్ చేస్తే చాలు.

బ్రష్ రొదకి మందుల్ని తేలికైన వాటి నుంచి వరుసగా వేయండి:

రౌటర్ ప్లగ్‌ని కంట్రోలర్, కంప్యూటర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి తీసి వేరే సాకెట్‌కి మార్చండి. రౌటర్ తీగని లిమిట్ స్విచ్, స్టెప్పర్ తీగలతో కలిపి ఒకే డ్రాగ్ చైన్‌లో (తీగల్ని మోసే ప్లాస్టిక్ గొలుసులో) కట్టకండి. దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి. యూఎస్‌బీ కేబుల్ పొట్టిది, ఫెరైట్ ముద్ద ఉన్నది వాడండి. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పీకి బ్యాటరీ మీద ఒకసారి నడపండి, తేడా వెంటనే కనిపించొచ్చు.

అలారం ఇంకా వస్తుంటే లిమిట్ స్విచ్ వైరింగ్ మార్చాలి. కంట్రోలర్ బోర్డు ఆర్డునో ఊనో అయితే దాని లోపలి పుల్-అప్ (సిగ్నల్‌ని 5 వోల్టుల వైపు లాగి ఉంచే రెసిస్టర్) 20 నుంచి 50 కిలో ఓమ్‌ల దాకా ఉంటుంది. అంత బలహీనమైన పుల్-అప్‌తో ఉన్న పొడవాటి తీగ యాంటెన్నాలా పనిచేస్తుంది. బోర్డు దగ్గర సిగ్నల్‌కీ 5 వోల్టులకీ మధ్య 2.2 కిలో ఓమ్ రెసిస్టర్, సిగ్నల్‌కీ గ్రౌండుకీ మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. ఎక్కువ కేసులు ఈ రెండు విడిభాగాలతోనే ముగుస్తాయి. స్విచ్‌లని నార్మల్లీ క్లోజ్డ్ పద్ధతికి మార్చి $5 (లిమిట్ సిగ్నల్‌ని తిరగేసే సెట్టింగ్) విలువ తిప్పితే ఇంకా మంచిది. మామూలు స్థితిలో తీగ గ్రౌండుకి ఆనుకుని ఉంటుంది, తీగ తెగినా వెంటనే తెలుస్తుంది. షీల్డ్ కేబుల్ వాడితే షీల్డుని కంట్రోలర్ వైపు మాత్రమే ఎర్త్ చేయాలి.

$21=0 పెట్టి హార్డ్ లిమిట్లు ఆపేస్తే అలారం మాయమవుతుంది, నిజమే. కాపలా కూడా మాయమవుతుంది.

నెలల తరబడి బాగా నడిచిన యంత్రం ఉన్నట్టుండి ఇలా మొదలుపెడితే వైరింగ్ జోలికి పోకముందు రౌటర్ బ్రష్‌లు చూడండి. అరిగిన బ్రష్ రవ్వలు పెంచుతుంది.

వేగం ఎగుడుదిగుడుగా ఉంది, గాలి రంధ్రాల్లో పెద్ద రవ్వలు

బ్రష్‌లు వినియోగ వస్తువులే. చేతి పనిలో ఏళ్లు నడిచేవి సీఎన్‌సీలో నెలల్లో అరుగుతాయి. ఒక జత ఎప్పుడూ పెట్టెలో ఉండాలి. రెండూ కలిపే మార్చండి. బ్రష్ మీద పరిమితి గీత ఉంటే అక్కడిదాకా, లేకపోతే కార్బన్ 5-6 మి.మీ. మిగిలినప్పుడు మార్చేయొచ్చు. కొత్తవి వేశాక తక్కువ వేగంలో పది పదిహేను నిమిషాలు ఖాళీగా తిప్పండి, కమ్యుటేటర్ వంపుకి తగ్గట్టు అరిగి కుదురుకుంటాయి. ఆ తర్వాత కూడా చుట్టూ ఉంగరంలా రవ్వలు వస్తుంటే కమ్యుటేటర్ దెబ్బతింది.

బ్రష్‌లు బాగానే ఉండి వేగం ఊగుతుంటే, మధ్యలో బయటి డిమ్మర్ ఏమైనా పెట్టారా? ఈ రౌటర్లలో చాలావాటికి లోపలే వేగాన్ని నిలకడగా ఉంచే సర్క్యూట్ ఉంది. డిమ్మర్ వోల్టేజి తగ్గిస్తుంటే ఆ సర్క్యూట్ పెంచాలని చూస్తుంది, రెండూ పోట్లాడుకుంటాయి. డిమ్మర్ తీసేసి డయల్ వాడండి. వీఎఫ్‌డీ (ఫ్రీక్వెన్సీ మార్చి వేగం మార్చే డ్రైవ్) అసలు పనికిరాదు, అది మూడు ఫేజుల మోటార్లకి.

రౌటర్ చేయి పెట్టలేనంత వేడెక్కుతోంది

గాలి పై రంధ్రాల్లోంచి లోపలికి వెళ్లి కింద కొలెట్ పక్కనుంచి బయటికి వస్తుంది. క్లాంపు గానీ డస్ట్ షూ (బిట్టు చుట్టూ దుమ్ము లాగే తొడుగు) గానీ ఆ దారిని మూసేసిందేమో చూడండి. పై రంధ్రాల్లో పేరుకున్న ఎండీఎఫ్ పొడిని ప్రతి పెద్ద పని తర్వాత ఊదేయండి. ఫ్యాన్ షాఫ్టు మీదే ఉంటుంది కాబట్టి తక్కువ వేగం అంటే తక్కువ గాలి. 10,000 దగ్గర భారీ కోతలు పెడితే వేడెక్కడం సహజం. లోతు తగ్గించాలి, లేదా వేగం పెంచి ఫీడు కూడా పెంచాలి.

వేడి కింది బేరింగు చుట్టూ మాత్రమే ఉంటే క్లాంపు అతిగా బిగిసి బాడీని నొక్కుతోంది. ప్లగ్ తీసి షాఫ్టు చేత్తో తిప్పుతూ బోల్టులు కొద్దికొద్దిగా వదులు చేయండి. తిరగడం తేలికైందంటే కారణం దొరికింది. వదులు చేసినా గరగర అంటుంటే బేరింగే పోయింది. పాత బేరింగు మీద అచ్చేసిన నంబరు చూసి అదే సైజు, రౌటర్ గరిష్ఠ వేగానికి రేటింగ్ ఉన్నది తెచ్చుకోండి. గట్టిగా రాసుకునే రబ్బరు సీలు 30,000 ఆర్‌పీఎం దగ్గర తనే వేడి పుట్టిస్తుంది. రాసుకోని సీలు ఉన్నది దుమ్మునీ ఆపుతుంది, వేడీ తక్కువ.

పని అయిపోయినా, ఎమర్జెన్సీ నొక్కినా రౌటర్ తిరుగుతూనే ఉంది

రౌటర్ స్విచ్ సంగతి కంట్రోలర్‌కి తెలియదు. స్పిండిల్ ఆపమనే ఎం5 ఆదేశం పంపినా, జీఆర్‌బీఎల్ రీసెట్ చేసినా, మధ్యలో రిలే లేకపోతే అది ఆగదు. స్పిండిల్ ఎనేబుల్ సిగ్నల్‌తో నడిచే రిలే పెట్టండి. 710 వాట్ల రౌటర్ 230 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లే లాగుతుంది, కానీ సాఫ్ట్ స్టార్ట్ లేనివి మొదలయ్యే క్షణంలో దానికి ఎన్నో రెట్లు లాగుతాయి. 10 ఆంపియర్లని రాసి ఉన్న చిన్న నీలం రిలేల కాంటాక్టులు ఈ దెబ్బకి అతుక్కుపోతాయి. మోటారు లోడుకి రేటింగ్ ఉన్న కాంటాక్టర్ గానీ, హీట్‌సింక్‌తో 25 ఆంపియర్ల ఎస్‌ఎస్‌ఆర్ (సాలిడ్ స్టేట్ రిలే) గానీ వాడండి. ఎస్‌ఎస్‌ఆర్ చెడిపోతే తరచుగా ఆన్‌లోనే చెడిపోతుంది. అందుకని ఎమర్జెన్సీ బటన్ కాంటాక్టు రౌటర్ మెయిన్స్ తీగనే తెంచాలి, సిగ్నల్‌ని కాదు.

ప్రోగ్రాములో ఎం3 (స్పిండిల్ తిప్పమనే ఆదేశం) తర్వాత జీ4 పీ3 (ఆగమనే ఆదేశం) పెడితే కోత మొదలయ్యేలోపు రౌటర్‌కి వేగం అందుకోవడానికి మూడు సెకన్లు దొరుకుతాయి. కరెంటు పోతే రౌటర్ సొంత స్విచ్‌ని చేత్తో ఆఫ్ చేసి పెట్టండి. ఆన్‌లో వదిలేసినది కరెంటు వచ్చిన క్షణాన ఎవరూ దగ్గర లేకపోయినా తిరగడం మొదలుపెట్టొచ్చు.